చెయ్యెత్తితే ఆగిన బండి

మనుషులు కాగితం మీద రాయకముందే మన దినాలన్నీ ఎరిగిన దేవునికి స్తోత్రం. వెళ్లేటప్పుడు కాపాడినవాడూ, తిరిగి వచ్చేటప్పుడు సిగ్గుపరచినవాడూ ఆయనే. రెండింటికీ స్తోత్రం. నా నోరు చేసిన తప్పును నా చేతనే రాయిస్తున్నాడు గనుక ఆయన నామానికి మహిమ కలుగును గాక.

నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశా కొండల వైపు వెళ్లే రైలుమార్గం ఒకటి ఉంది. దాని గురించి విననివాళ్ల కోసం ఈ ప్రయాణం రాస్తున్నాను. నేను విజయనగరంలో బడిపంతులుగా పనిచేసి విరమించాను. ముప్పై ఏళ్లుగా సంఘపెద్దను. మా అమ్మ పుట్టిల్లు ఆ మార్గం మీదనే, టెక్కలికీ పాతపట్నానికీ మధ్య ఉన్న జీలుగువలస.

పద్నాలుగు నెలల క్రితం మా మేనమామ సత్యానందం ఆ ఊరి దగ్గర ఉదయం బండి కింద పడి చనిపోయాడు. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. విచారణ చేసినవాళ్లు ఆత్మహత్య అని రాశారు. ఆ ఊరి సంఘంలో పుట్టి లేఖనాలు చదువుకున్నవాడిని నేనేనని పేరు. అందుకని పాస్టరు గారు నాకు ఫోను చేసి ఏం చేద్దామని అడిగారు, విచారణ కాగితం ఫొటో తీసి పంపారు. అందులో బండి నడిపినవాడి మాట ఉంది. దూరం నుంచే హారన్ కొడుతూ వచ్చాననీ, ఆ మనిషి పట్టాల మధ్య చెయ్యెత్తి నిలబడ్డాడనీ, ఎంత కొట్టినా కదలలేదనీ.

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. బతకాలనుకున్నవాడు హారన్ విని కదలకుండా ఉంటాడా అనుకున్నాను. తన ప్రాణం తానే తీసుకున్నవాడికి మా పద్ధతి ప్రకారం సమాధుల తోటలో గోడ లోపల చోటివ్వవద్దనీ, సమాధి దగ్గర ప్రార్థన కూడా వద్దనీ లేఖనం ఎత్తి చెప్పాను. మోకాళ్ల నొప్పి వంక పెట్టి మట్టి చేసేటప్పుడైనా వెళ్లలేదు.

ఆయన బండి ఆపుతున్నాడని మా అత్త కరుణమ్మ ఆ రోజే అందరికీ చెప్పిందట. విచారణకు వచ్చినవాళ్లు, మరి హారన్ విని ఎందుకు కదలలేదు అని అడిగి, ఆమె చెప్పేది వినకుండానే రాసుకుపోయారట. అప్పటినుంచి ఆమె ప్రభువు బల్ల ముట్టలేదు. నెలనెలా మొదటి ఆదివారం సంఘమంతా పంచుకునే ఆ రొట్టె పళ్లెం తన దగ్గరకు వస్తే పక్కవాళ్లకు అందించేస్తుంది. ఈ మధ్య నాకు ఒకే ఒక్కసారి ఫోను చేసింది.

"నువ్వు సూడకుండానే సెప్పినావు బాబూ. ఒకపాలి వొచ్చి సూసి, అదే మాట మళ్లీ సెప్పు. నాను ఒప్పుకుంటాను" అంది.

ఆ మాట మీద బయల్దేరాను.

నౌపడ

విజయనగరం నుంచి పాసింజరులో కూర్చుంటే నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు ఒక్కొక్కటీ వచ్చిపోతాయి. శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను పేరుకే శ్రీకాకుళం, అది ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి ఊరేదీ అని వెతికే కొత్తవాళ్లను చూసి ప్లాట్‌ఫారం మీది పల్లీలమ్ముకునేవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. కోటబొమ్మాళి దాటాక గాలిలో ఉప్పు తగులుతుంది. నౌపడలో దిగితే అటు ఉప్పుమళ్లు, తెల్లటి గుట్టలు, వాటి మీద తాటాకు కప్పులు. ఎండ ఆ ఉప్పు మీద పడి కళ్లలో గుచ్చుకుంటుంది.

ఈ ఉప్పు కోసమే ఆ మార్గం పుట్టిందని మా తాత చెప్పేవాడు. నూరేళ్లు దాటిన మాట అది. పర్లాకిమిడి రాజులు తమ ఊరికి పట్టాలు వేయించుకున్నారు. పైకి ఉప్పు, ఎండుచేప. కిందికి బియ్యం, చింతపండు, వెదురు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. జనం దాన్ని చిన్నబండి అనేవాళ్లు. చాలా ఏళ్లు బొగ్గుతో నడిచింది, తర్వాత డీజిలు వచ్చింది. ఆపైన ఒకరోజు బండి ఆపేసి, పట్టాలు పీకేసి, కొన్నేళ్లకు పెద్ద పట్టాలు వేశారు. ఇప్పుడు పైన కరెంటు తీగలు కూడా ఉన్నాయి.

స్టేషను బయట టీ తాగాను. పది రూపాయలు, అల్లం ఎక్కువ. చిన్నబండి నడిపినవాళ్లు ఎవరైనా మిగిలారా అని అడిగితే టీకొట్టాయన వెనక వీధిలోకి చెయ్యి చూపించాడు. అప్పన్న గారికి ఎనభై దాటాయి. రెండు కళ్లకూ పొర కమ్మింది. అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే బండ్లను చప్పుడుతోనే గుర్తుపడుతున్నాడు. నేనెవరో చెప్పకముందే ఆయన భార్య రాగులతో కాచిన చోడి అంబలి గిన్నె చేతిలో పెట్టింది. మా విజయనగరంలో అందులో మజ్జిగ పోస్తాం. ఇక్కడ తరవాణి, అంటే పులిసిన అన్నం నీళ్లు పోసి, ఉల్లిపాయ, వేయించిన నెత్తళ్ల ఎండుచేపలు ఇచ్చారు. నోట్లో పెట్టుకున్న తర్వాత అడగవలసిన మాట మరచిపోయి కాసేపు తింటూ ఉండిపోయాను.

అప్పన్న గారు పాత కబుర్లు చెప్పారు. వర్షంలో ఎగువకు ఎక్కేటప్పుడు చక్రాలు జారితే పట్టాల మీద ఇసక పోసేవాళ్లట. పెళ్లివారు ఎక్కితే ముత్తైదువ ఎవరో వెనక ఉండిపోయిందని బండి వెనక్కి నడిపించుకున్న రోజులున్నాయట. ఆపకుండా పోతే మర్నాడు ఇంటికి వచ్చి తిట్టేవాళ్లట. ఆయన నవ్వుతుండగానే నేను ఆ ఫొటోకు అచ్చు తీయించుకున్న కాగితం జేబులోంచి తీసి చదివి వినిపించాను.

ఆయన నవ్వు ఆగింది.

"పట్టాల నడానే ఉన్నాడా?"

"అలాగే రాశారు."

"సెయ్యి దింపనేదా?"

"దింపలేదట. హారన్ విన్నాక కూడా కదలలేదట."

"మరేటి సేస్తాడు బాబూ" అన్నాడు అప్పన్న గారు. "అదే కదా పద్ధతి. స్టేసను నేని కాడ ఎక్కీవోడు నడాన నిలబడి తువ్వాలు ఎత్తీవోడు. మేం కూత ఏసీవోళ్లం. కూత ఏసినామంటే నిన్ను సూసినాం, ఆపతన్నాం అని. అప్పుడు ఆడు పక్కకెల్లిపోనాడనుకో, ఎక్కడు కాబోలు అని ఒగ్గేసి పోయీవోళ్లం. అందుకే బండి మనిసి నడకకి దిగీదాకా ఆడు కదలడు. కూత ఇన్నాక అసలు కదలడు."

నా చేతిలో కాగితం అలాగే ఉంది. మామను దోషిగా నిలబెట్టిన వాక్యం ఏదో, ఆయన్ను విడిపించే వాక్యమూ అదే. ఒక్క అక్షరమూ మార్చనక్కరలేదు. ఈ మార్గం మీద పెరిగినవాడు చదివితే చాలు.

ఇప్పుడు బండి నడిపే పిల్లడికి ఇదేం తెలుస్తుంది, అతడి తప్పు లేదు అన్నాడు ఆయన. ఆ కుర్రవాడు కూడా ఆ రాత్రి తిండి తిని ఉండడన్నాడు. తర్వాత మట్టి ఎక్కడ చేశారని అడిగాడు. గోడ బయట అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. మా పద్ధతి వివరించాను.

"సచ్చినోడికి గోడేటి బాబూ. ఎవులు సెప్పినారు అలాగ?"

"పెద్దలు" అన్నాను.

ముప్పై ఏళ్లు సంఘం ముందు నిలబడి సత్యం చెప్పమని బోధించిన నోటితో, కళ్లు కనిపించని మనిషి ముందు ఆ మాట అన్నాను.

టెక్కలి

టెక్కలిలో దిగేటప్పుడు చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. బయట గొడుగు కింద కూర్చున్న చెప్పులు కుట్టే పెద్దాయన నా అవస్థ చూసి, దొరగారు ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నారేమిటి అన్నాడు. కుట్టడానికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఆయన కుట్టినంతసేపూ పక్కన ఇటుక మీద కూర్చున్నాను.

బండి లేని ఆ ఏళ్ల గురించి ఆయనే చెప్పాడు. పట్టాలు పీకేశాక గట్టు ఖాళీగా ఉండిపోయింది. ఊళ్లవాళ్లకు అదే దారి అయింది. దాని మీద మిరపకాయలు ఎండబెట్టారు, ఆవుల్ని తోలారు, పిల్లలు బడికి నడిచారు. పెద్ద పట్టాలు పడ్డాక కూడా చాలామంది ఆ నడక మానలేదు. బండి కింద ముందు మేకలు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. చిన్నబండి వస్తుంటే భూమి ముందే చెప్పేది, పొగ చెప్పేది, ఇంకా అరమైలు దూరాన ఉండగా ముసలమ్మ కూడా లేచి వెళ్లగలిగేది. ఇప్పటి బండి వచ్చాక గానీ వచ్చినట్టు తెలియదు అన్నాడు.

"బండి మారిపోనాది. మా కాళ్లు మారనేదు" అని దారం పళ్లతో తెంపాడు.

ఆ సాయంత్రం బజారులో ఉల్లి పకోడీలు కొనుక్కున్నాను. పొట్లం విప్పకుండానే లాడ్జిలో పడుకున్నాను.

ఆగని చోటు

శనివారం ఉదయం టెక్కలిలో మళ్లీ బండెక్కాను. కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. జీలుగువలస అటే వస్తుంది. జీడితోటలు, కోసేసిన వరిమళ్లు, దూరంగా మహేంద్రగిరి వరస. ఎదుట కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు బుట్టల్లో వంకాయలు పెట్టుకుని పాతపట్నం సంతకు వెళ్తున్నారు. వాళ్లలో ఒకామె ఒడియా, ఇంకొకామె తెలుగు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఊరు వచ్చింది. సంఘం గుడి మీది సిలువ కనిపించింది. గట్టు మలుపు కనిపించింది. బండి అక్కడ హారన్ వేసింది, వేగం తగ్గలేదు. ఆ చోటు కిటికీలోకి వచ్చి పోవడానికి నేను ఒక ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు.

ఆ ఊపిరిలోనే నాకు గుర్తొచ్చింది. దేవుడు గుర్తుచేశాడని రాయాలి, ఎందుకంటే అరవై ఏళ్లుగా నేను దాన్ని తలచుకోలేదు. నాకు ఎనిమిదేళ్లు. శ్రీకాకుళం హాస్టలులో చేర్పించడానికి మామ నన్ను తీసుకెళ్తున్నాడు. నేను గట్టు కింద రేకుపెట్టె మీద కూర్చున్నాను. మామ పట్టాల మధ్య నిలబడి తువ్వాలు ఎత్తాడు. బండి కూత వేసింది. ఆయన కదలలేదు. నల్లటి ఇంజను పెద్దదవుతూ ఆయన మీదికి వస్తోంది. నేను కళ్లు మూసుకుని ఏడ్చాను. బండి ఆగాక మామ వచ్చి నా బుగ్గలు తుడిచి, కదిలితే పోతాదిరా, నిన్ను బడికి ఎలాగ తీసికెల్తాను అన్నాడు.

నాకు తెలియని పద్ధతి కాదు అది. ఆ పద్ధతితోనే నేను చదువుకు వెళ్లాను. ఆ చదువుతోనే ఆయన్ను గోడ బయట పెట్టాను.

పాతపట్నం వచ్చింది, వంకాయల బుట్టలు దిగాయి, బండి కదిలింది. నేను సీటులోనే ఉన్నాను. మహేంద్రతనయ నది మీద వంతెన చప్పుడుకు తెలివి వచ్చింది. టిక్కెట్టు పాతపట్నం వరకే ఉంది. ఈ వయసులో టిక్కెట్టు లేని ప్రయాణికుడిగా పట్టుబడతానేమోనని, దానికి మాత్రం భయపడ్డాను. ఆ భయం చూసి నామీద నాకే రోత పుట్టింది.

పర్లాకిమిడిలో ఎవరూ అడగలేదు. స్టేషను బయట ఒక కొట్టులో మురీలనే మరమరాల మీద వేడి బఠాణీ కూర పోసి ఇస్తున్నారు, ఇరవై రూపాయలు. మన వైపు మురీల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుతాం. వీళ్లు కూరతో తడిపి గరిటెతో తినమంటారు. కొట్టాయన చిల్లర ముందు ఒడియాలో అడిగి, నా మొహం చూసి తెలుగులో అడిగాడు. అక్కడినుంచి ఆటోలో నది దాటి వెనక్కి వచ్చాను.

పాతపట్నం

చిన్నబండి రోజుల్లో పాతపట్నం స్టేషను అంటే పెంకుల కప్పు, ఒక గంట, ఒక గుమాస్తా. మామ తాటిముంజెలు అమ్ముకోవడానికి ఇక్కడికే వచ్చేవాడు. ఇప్పుడు పొడవాటి ప్లాట్‌ఫారం, నీలం కుర్చీలు. పాత కట్టడం ఏదని ఇద్దరిని అడిగితే ఇద్దరూ రెండు వేరు వేరు దిక్కులు చూపించారు. రెండు చోట్లా ఏమీ లేదు.

ఆ కాగితం తిరిగి రాయించడానికి ఎక్కడికి వెళ్లాలో తెలుసుకుని, ఆ కార్యాలయానికి వెళ్లాను. పేరు రాయను. అక్కడి గుమాస్తా మర్యాదగానే కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తన తాత కూడా అలాగే ఎక్కేవాడని కూడా అన్నాడు. కానీ ఆ ఫైలు మూసేసి ఏడాది అయింది. పైగా ఆ ఫారంలో గడులు రెండే. పట్టాలు దాటుతూ పోయినవాళ్లది ఒకటి, కావాలని పోయినవాళ్లది ఒకటి.

"సెయ్యెత్తి బండాపినోడికి గడి నేదు మాస్టారూ" అన్నాడు.

దిగులుగానే అన్నాడు. నాకు కోపం రాలేదు. నా దగ్గర మాత్రం ఎన్ని గడులున్నాయి? లోపల, బయట. అంతే కదా నేను పెట్టుకున్నవి.

జీలుగువలస

మధ్యాహ్నం ఆటో దిగేసరికి అత్త వాకిట్లో చేటతో పెసలు చెరుగుతోంది. లేవలేదు. నీళ్లు అక్కడున్నాయి, కాళ్లు కడుక్కో అంది. మనిషి సగమైంది. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. వాళ్లకు పిల్లలు పుట్టలేదు.

అన్నం పెట్టింది. వంకాయ, ఎండురొయ్యలు. నేను తిన్నాక గట్టు దగ్గరికి తీసుకెళ్లి ఆ రోజు సంగతి చెప్పింది. అప్పటికి నాలుగు రోజులుగా ఆమెకు జ్వరం, ఆయాసం. రాత్రి వానకు కాలువ పొంగి రోడ్డు తెగింది, ఆటోలు రావు. పాతపట్నం ఆసుపత్రికి వెళ్లాలి. అంతకుముందు పది రోజులుగా అక్కడ పట్టాల పని జరుగుతోంది. బండ్లన్నీ మనిషి నడకతో పోయేవి, కుర్రాళ్లు ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. చిన్నబండి మళ్లీ వచ్చినట్టుందే అని మామ మురిసిపోయాడట. పని ముందురోజు సాయంత్రం అయిపోయింది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆమెను గట్టు వాలులో కూర్చోబెట్టి, మూట ఒళ్లో పెట్టి, మామ పైకెక్కాడు. బండి హారన్ వేసింది. ఆయన వెనక్కి తిరిగి ఆమెతో ఒక మాట అన్నాడు.

"సూసినాడే, లెగు, అన్నాడు" అని చెప్పింది అత్త. "అదే ఆకరి మాట. నాను లెగతన్నాను. ఆయన కోసం కాదు బాబూ, నాకోసం నిలబడ్డాడు."

నేను నౌపడలో విన్నదంతా చెప్పాను. అప్పన్న గారి మాటలు, ఆ కాగితంలోని వాక్యం, దాని అసలు అర్థం. ఆమె ముఖంలో ఏదో కదులుతుందని ఎదురుచూశాను. ఆమె పట్టాల వైపే చూస్తూ నిలబడింది.

"నా మాట నమ్మడానికి నువ్వు నౌపడ ఎల్లి మొగోడిని అడగాల్సొచ్చింది" అంది.

తర్వాత తానే ముందుగా ఇంటికి నడిచింది.

గోడ బయట

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. పాస్టరు గారు నాకు ప్రసంగం ఇవ్వబోయారు. వద్దన్నాను. రెండు నిమిషాలు మాట్లాడనిమ్మని అడిగి, సంఘం ముందు నిలబడి, నేను చూడకుండా తీర్పు చెప్పాననీ, అది తప్పనీ, ఎందుకు తప్పో చెప్పాను. చిన్నబండి పద్ధతి వివరించాను. కూత విని కదలకపోవడం చావు కోసం కాదని చెప్పాను. ఎనిమిదేళ్ల వయసులో నా కళ్లతో చూసిన సంగతి కూడా చెప్పాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది నన్ను భయపెట్టింది. ముందు వరసలో కూర్చున్న ఆశీర్వాదం తాత, ఆ సంఘంలో అందరికన్నా పెద్దవాడు, కర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నాడు.

"మాకు తెల్దేటి ఆ సంగతి" అన్నాడు. "మేమందరం సెయ్యెత్తినోళ్లమే."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు తాతా అని అడిగాను.

"నువ్వు సదువుకున్నోడివి. వాక్యం తీసి సెప్పేసినావు. వాక్యానికి మేం ఎదురు సెప్తామేటి?"

ఆ మాట విన్నాక నేను అంతవరకూ చేసిన ప్రయాణమంతా ఎంత అనవసరమో తెలిసింది. నౌపడలో వెతికిన జవాబు ఈ చాపల మీదే కూర్చుని ఉంది. నేను అడగలేదు. వాళ్లు చెప్పలేదు. నా చదువును దేవుని వాక్యమనుకుని వాళ్లు నోరు మూసుకున్నారు. వాళ్ల మౌనాన్ని నేను అంగీకారమనుకున్నాను.

వెనక వరసలో ఒకరిద్దరు కాగితం కాగితమే కదా అన్నారు. ఒకసారి చేసిన తీర్మానం మార్చితే రేపు అందరికీ మార్చాలన్నారు. పాస్టరు గారు వాళ్లకు జవాబు చెప్పకుండా బల్ల దగ్గరకు వెళ్లి, ప్రార్థించి, రొట్టె పళ్లెం తీసుకుని తానే గుమ్మం పక్కన కూర్చున్న అత్త దగ్గరికి వెళ్లారు. అందరూ అటే తిరిగారు.

అత్త పళ్లెం ముట్టలేదు.

"ముందు ఆయనకి ప్రార్థన సెయ్యండి అయ్యగారూ. నాది తర్వాత."

పాస్టరు గారు పళ్లెం మీద గుడ్డ కప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. సగంమంది ఆయన వెనక వచ్చారు. మిగతా సగం లోపలే కూర్చున్నారు. వాళ్లలో నాతో బడికి వచ్చినవాళ్లున్నారు.

సమాధుల తోట గోడ పక్క నుంచి వెళ్తే, గోడకూ రైలుగట్టుకూ మధ్య జిల్లేడు మొక్కల్లో ఆ చోటు ఉంది. సిలువ లేదు, పేరు లేదు. చుట్టూ విరిగిన ఇటుకలు వరసగా పెట్టి ఉన్నాయి, అత్త పెట్టుకున్నవి. మట్టి ఒకవైపు కుంగిపోయింది. మేం ఓ ముప్పైమంది ఉంటాం. పాట ఎత్తుకుంటే గొంతులు కలవలేదు. పాస్టరు గారు వాక్యం చదివారు. ప్రార్థన మొదలుపెట్టబోతే అత్త ఆపి, నావైపు చూసింది.

"వద్దన్నోడివి నువ్వే. నువ్వే సెయ్యి."

నేను మోకరించాను. ముప్పై ఏళ్లుగా ఎన్ని సమాధుల దగ్గర ప్రార్థించానో లెక్కలేదు. మాటలు వాటంతట అవే వచ్చేవి. ఆ రోజు దేవుణ్ణి పిలిచి, సత్యానందం అని మామ పేరు చెప్పి, అక్కడే ఆగిపోయాను. క్షమించమని ఎవరిని అడగాలో తెలియలేదు. దేవుణ్ణి అడగడం తేలిక. మట్టి కింద ఉన్నవాణ్ణి అడగడానికి మా సంఘంలో ప్రార్థన లేదు. వెనక నిలబడిన మనిషిని అడగడానికి నా నోరు లేవలేదు. ఎవరో దగ్గారు. ఎవరో చిన్నపిల్ల అమ్మను ఏదో అడిగింది. పాస్టరు గారు వచ్చి నా భుజం పట్టి లేపారు. ఆమేన్ అని ఎవరూ అనలేదు, అనడానికి ప్రార్థన లేదు గనుక.

లోపలికి వచ్చాక పళ్లెం మళ్లీ అందరి ముందుకూ వెళ్లింది. అత్త దగ్గరకు వచ్చినప్పుడు ఆమె దాన్ని పక్కవాళ్లకు అందించేసింది. ఆరాధన ముగిశాక దగ్గరికి వెళ్లాను. కోపంగా లేదు. అలసిపోయి ఉంది.

"ప్రార్థన అవనేదు కదా బాబూ. అయినరోజు తీసుకుంటాను" అంది.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను ఆ ఇటుకల దగ్గర మళ్లీ మోకరించాలి. ఆమెకు డెబ్బై దాటాయి, ఆయాసం తగ్గలేదు. ఆమె ఆ బల్ల ముట్టకుండా వెళ్లిపోతే దానికి జవాబు చెప్పుకోవలసినవాణ్ణి నేనే. ఆ మార్గం మీద ఎన్నడూ ప్రయాణించని మీరు, నన్ను ఎరగని మీరు, ఇప్పుడే నాతో కలిసి తల వంచండి. ప్రభువా, చూడకుండా తీర్పు చెప్పిన ఈ నోటికి సరైన మాట ఒక్కటి ఇవ్వు. ఆ మాట ముందు దేవునికి కాదు, కరుణమ్మకు చెప్పే ధైర్యం ఇవ్వు. అప్పటివరకు ఆమె ఊపిరిని నిలిపి ఉంచు. ఆమేన్ అని మీరైనా అనండి.